వేరే నీళ్లు లేనప్పటి మంచినీళ్లు

ఇది నీళ్ల కోసం జరిగిన ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఒక తల్లి పంతం ఉంది. రెండు కుటుంబాల మధ్య దౌత్యం ఉంది. ప్రభుత్వ శాసనాలున్నాయి, నెత్తురు రంగు అక్షరాలున్నాయి, ఇంకా పుట్టని ఒక బిడ్డ భవిష్యత్తు ఉంది. పూర్తయ్యేసరికి చదివినవాళ్ల కళ్లు చెమర్చాలి.

అంత లేదు. యుద్ధం అన్నది మునిసిపాలిటీలో ఏఈ గారి, అంటే ఇంజనీరు గారి, బల్ల ముందు కాసేపు నిలబడి రావడం. నెత్తురు రంగు అన్నది రెడాక్సైడు. కళ్లు చెమర్చే సంగతి నేను హామీ ఇవ్వలేను, మా వైపు ఆ మాత్రం తడి దొరకడం కూడా కష్టమే.

మాది కోడుమూరు దాటాక వచ్చే ఒక చిన్న టౌను. పేరు చెప్పను, చెప్పినా మీరు బస్సులో నిద్రపోతూ దాటేసి ఉంటారు. ఈమధ్యే పంచాయతీ కాస్తా మునిసిపాలిటీ అయింది. అయినందుకు గుర్తుగా బోర్డు మార్చారు, బోరు మార్చలేదు. మా వీధి మొదట్లో ఆ బోరు, దాని పక్కన స్తంభాల మీద ఒక ట్యాంకు, ట్యాంకు నుంచి ఇంటింటికీ కొళాయి. నీళ్లు చూడడానికి తేటగా ఉంటాయి. తాగితే కాస్త ఉప్పగా, కాస్త బరువుగా, ఏదో తిన్నట్టు ఉంటుంది. మేం వాటికే అలవాటుపడ్డాం.

ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది. ఈ సంగతి మాకు పరీక్ష చేసి ఎవరూ చెప్పనక్కర్లేదు, నోరు తెరిస్తే కనపడుతుంది. మా వీధిలో పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. నేను కర్నూల్లో హాస్టల్లో చేరిన కొత్తలో పక్క మంచం వాడు జాలిపడి తన టూత్‌పేస్టు ఇచ్చాడు. మా వాళ్ల పెళ్లి ఆల్బంలు చూస్తే పెళ్లికూతురు, పెళ్లికొడుకు, తల్లిదండ్రులు, బంధువులు అందరూ పెదాలు బిగించి నిలబడి ఉంటారు. తెలియనివాళ్లు అది బలవంతపు పెళ్లి అనుకుంటారు.

మా నాయన ఇంకా పాత బోరు కాలం మనిషి. ఆ బోరు దీనికంటే ఘనమైనదట. ఆయన మెడ తిరగదు. వెనక ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పడం కుదరదు కాబట్టి మనిషి మొత్తం, మెల్లగా, రథం తిరిగినట్టు తిరుగుతాడు. దీన్ని ఊళ్లో చాలాకాలం పెద్దమనిషి తరహా అనుకున్నారు. ఎవరికీ తల వంచడు అని మెచ్చుకునేవాళ్లు. వంచాలని ఆయనకూ ఉండేది, చెప్పుల కోసమైనా.

నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. అంటే ఇంట్లో ఉన్నానని అర్థం. ఇంట్లో ఉన్న చదువుకున్నవాడికి ఆఫీసుల చుట్టూ తిరిగే పని పుట్టుకతో వస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మా అక్కను కడపకు ఇచ్చాం. మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మా వైపు ఆచారం కూడా కాదు, అంతకంటే గట్టిది. ఆడపిల్లను ఏడో నెలలో తెచ్చుకోకపోతే ఆ తల్లి ఊళ్లో ఏ పేరంటానికీ తలెత్తుకుని పోలేదు. మా అమ్మ అక్క నెల తప్పిన రోజు నుంచే వెనక గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, పాత చీరలు ఉతికి మెత్తటి గుడ్డలు చించిపెట్టింది. నా పుస్తకాలు ఆ గదిలోంచి బయటికి వచ్చాయి. చదువు దెబ్బతింటుందని నేను అన్నాను. ఉంటే కదా అని అమ్మ అంది.

అప్పుడు కడప నుంచి అక్క అత్తగారు ఫోను చేసింది. ఆమె బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మంచిది. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరైనా ఉంటే నా పని సులువయ్యేది, ఎంత వెతికినా దొరకలేదు. ఫోను స్పీకర్లో ఉంది.

"వదినా, పిల్లను పిల్చుకపోయేది మీ హక్కే, నేను కాదన్ను. మీ ఊరి నీళ్ల గురించే ఆలోచన చేస్తాండా."

"నీళ్లకేమైంది వదినా. పిల్ల ఆ నీళ్లు తాగే పెరిగింది కదా."

"నేను అనేది గూడా అదే వదినా."

అమ్మకు వెంటనే అర్థం కాలేదు. నాకు అయింది. మా అక్క పళ్లు గుర్తుకొచ్చాయి. పెళ్లిచూపుల్లో అక్క నవ్వకుండా కూర్చుంటే పిల్ల శానా నెమ్మది అని మెచ్చుకున్నది ఈ అత్తగారే.

ఆమె ఇంకా వివరంగా చెప్పింది. కడుపులో బిడ్డ, తర్వాత పాలిచ్చే తల్లి, తర్వాత పసిపిల్లకు పోసే నీళ్లు. వాళ్ల ఇంట్లో నది నీళ్లు వస్తాయి. అవి వదిలిపెట్టి ఇక్కడికి పంపడానికి ఆమెకు మనసు ఒప్పడం లేదు. మాటల్లో ఎక్కడా పొగరు లేదు. అదే ఇబ్బంది. పొగరుంటే అమ్మ బాగా పోట్లాడుతుంది.

ఫోను పెట్టేసి అమ్మ నావైపు చూసింది. "రేయ్, మునిసిపాలిటీకి పోయి, మన నీళ్లు మంచివని ఒక కాగితం రాపిచ్చుకరా."

"మంచివి కావు కదమ్మా."

"కాగితం తీసుకరమ్మన్నా గానీ నిన్నేమన్నా అడిగినానా."

ఏఈ గారు ఆలూరు వైపు మనిషి. ఆయన కూడా పెదాలు మూసి నవ్వుతాడు కాబట్టి మాకు మొదటి నుంచీ చుట్టరికం లాంటిది ఉంది.

"సార్, మా వార్డు నీళ్లు బాగుండాయని ఒక కాగితం కావాల."

"దేనికప్పా?"

"మా అక్క కాన్పుకు."

ఆయన కొంచెం ఆలోచించాడు. "కాన్పులకు వేరే డిపార్ట్‌మెంటు ఉండాది."

సంగతంతా చెప్పాక లేచి నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయాడు. బోర్ల నీళ్లు పరీక్ష చేసిన ఫలితాలు ఆ గోడకు అంటించి ఉన్నాయి. ఎదురుగానే ఉన్నాయి, నీళ్ల కోసం వచ్చినవాళ్లెవరూ వాటిని చదవరు. ఫ్లోరైడు అని రాసిన వరుసలో రెండు గడులున్నాయి. మొదటి గడి పైన ఉండదగిన పరిమితి అని ఉంది, అక్కడ ఒకటి. రెండో గడి పైన వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించదగిన పరిమితి అని ఉంది, అక్కడ ఒకటిన్నర. మా బోరు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంది. ఇటూ కాదు, అటూ కాదు. మా వీధి మనుషుల్లాగే.

"అంటే నీళ్లు బాగుండాయా, బాగలేవా సార్?"

"మీకు వేరే నీళ్లు ఉండాయా?"

"లేవు సార్."

"అయితే బాగుండాయి."

"ఒకవేళ ఉంటే?"

"ఉంటే బాగలేవు."

"నీళ్లు అవే కదా సార్."

"నీళ్లు అవేనప్పా. వాటికేం తెలుసు పాపం. రూలు మీ గురించి."

ఉద్యోగాలకు వయసులో సడలింపు ఇస్తారని నాకు తెలుసు, దాని మీదే బతుకుతున్నాను. తాగే నీళ్లకు కూడా సడలింపు ఉంటుందని అప్పుడే తెలిసింది. సడలింపు ఇచ్చిన సంగతి ఎముకలకు ఎవరు చెప్తారు సార్ అని అడగాలనుకున్నాను. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఇలాంటి గోడ మీదే ఆయన ఊరి వరుస కూడా ఉండి ఉంటుంది వేరే ఏదో ఆఫీసులో.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "బాగుండాయంట, వేరే నీళ్లు లేకపోతే."

అమ్మ మొదటి మాట వరకే విన్నది. వెంటనే కడపకు ఫోను చేసి మునిసిపాలిటీ వాళ్లు బాగుండాయన్నారని చెప్పింది. సైన్సు చెప్పిన మనిషి అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా. ఒకసారి వచ్చి చూస్తానంది.

ఇక్కడ మా వీధిలోని ఒక పద్ధతి గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చిపని అనిపిస్తుంది. చెప్పినా అనిపించవచ్చు.

మా వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలో ఒక క్యాన్ నీళ్లుంటాయి. ఊరి చివర ఫిల్టర్ ప్లాంటు నుంచి ఆటోలో వేసుకొచ్చి దించిపోతారు. స్టూలు మీద పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పి, పక్కన కడిగిన గ్లాసు బోర్లించి పెడతారు. ఆ నీళ్లు తాగడానికి కావు. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి. వచ్చినవాడి చేతిలో బోరు నీళ్లు పెడితే మర్యాద పోతుంది. ఇంట్లోవాళ్లు ఆ క్యాన్ ముట్టుకుంటే తిట్లు తినాలి. నేను చిన్నప్పుడు ఒకసారి అందులోంచి వంచుకుంటే అమ్మ నా చేతిలో గ్లాసు లాక్కుని, రేపు ఎవరన్నా వస్తే ఏం పోస్తావురా వాళ్లకు అంది. రేపు ఎవరూ రాలేదు. అసలు మా ఇంటికి ఎవరూ పెద్దగా రారు. నెల తిరిగేసరికి క్యాన్ అడుగున పచ్చగా నాచు పడుతుంది, అప్పుడు తీసి ఇంటిముందు కనకాంబరాలకు పోస్తాం. మా ఇంటిల్లిపాదిలో ఎక్కువ శుద్ధజలం తాగింది ఆ కనకాంబరం చెట్టే. దాని పూలకు ఏ చారలూ లేవు.

అక్క అత్తగారు వచ్చిన రోజు అమ్మ ఒకటికి రెండు క్యాన్లు దించింది. అల్లిక గుడ్డ మార్చింది. ఆమె కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి, "బాగుండాయి వదినా, మీరు ఇవే తాగుతారా" అని అడిగింది. అమ్మ జవాబు చెప్పేలోపు గుమ్మంలో సచివాలయం అమ్మాయి నిలబడింది, చేతిలో ట్యాబుతో. తాగునీటి సర్వే.

ఊళ్లో ఎన్ని రోజులున్నాయి. అన్నీ వదిలేసి ఆ అమ్మాయికి ఆ రోజే, ఆ గంటే దొరికింది.

"అమ్మా, మీ ఇంట్లో తాగేదానికి ఏ నీళ్లు వాడతాండారు? కొళాయి బోరు నీళ్లా, ఫిల్టర్ నీళ్లా?"

అమ్మ కుర్చీ వైపు చూసింది. కుర్చీలో ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.

"ఫిల్టర్ నీళ్లే" అంది అమ్మ.

"ఎప్పుడూనా అమ్మా?"

"ఎప్పుడూ."

లోపల మంచం మీద అవతలికి తిరిగి కూర్చున్న నాయన ఏదో చెబుదామని ఇటు తిరగడం మొదలుపెట్టాడు. ఆయన పూర్తిగా తిరిగేలోపు ఆ అమ్మాయి సేవ్ కొట్టేసింది.

పక్కిల్లు చాచాది. ఆయన టైలరు, మా నాయనకు చిన్నప్పటి స్నేహితుడు. మధ్యలో పిట్టగోడే కాబట్టి అంతా వినపడింది. ఆ అమ్మాయి అటు పోగానే, కడప మనిషి ఉన్న ఇంటి పక్కన తాను ఎందుకు తగ్గాలని, మిషను తొక్కుతూనే "క్యాన్ నీళ్లే బేటీ, మా ఇంట్లో బోరు నీళ్లు ఎవురూ ముట్టరు" అన్నాడు. తర్వాత ఇల్లూ అంతే, దాని తర్వాతదీ అంతే. అడిగేది గవర్నమెంటు మనిషి, గుమ్మంలోకి వచ్చింది, అంటే చుట్టమే. చుట్టం ముందర ఎవరైనా మేం బోరు నీళ్లు తాగుతామని చెప్పుకుంటారా. ప్రతి ఇంట్లోనూ ఆ అమ్మాయికి కనపడేటట్టు ఒక క్యాన్ స్టూలు మీద ఉంది కూడా. పైగా అన్ని ఇళ్లలోనూ ఒక గ్లాసు నీళ్లు తాగమని బలవంతపెట్టారట. వీధి చివరికి వచ్చేసరికి ఆ పిల్ల నడవలేకపోయింది.

అక్క అత్తగారికి నమ్మకం కుదిరింది. "క్యాన్ నీళ్లయితే నాకేం అనుమానం లేదు. పిల్లకు తాగేదానికీ, వంటకూ అవే వాడండి వదినా" అని చెప్పి, మంచిరోజు కూడా తనే చూసి వెళ్లింది. ఆమె ఆటో మలుపు తిరిగాక అమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. గ్రూప్స్ ర్యాంకు కొట్టి వచ్చినా నేను అలా చూడలేను.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని ట్యాంకు ఎక్కి రెడాక్సైడుతో పెద్ద అక్షరాలు రాశారు. ఈ నీరు తాగుటకు పనికిరాదు. వాడుకకు మాత్రమే.

మా వీధి పండగ చేసుకుంది. నిజంగానే. ఇన్నాళ్లకు గవర్నమెంటు ఒప్పుకుంది, ఇంక నది నీళ్ల పైపు వేస్తారు అని చాచా అందరికీ టీ తెప్పించాడు. ఆ టీ కూడా ఆ బోరు నీళ్లదే. మా అమ్మ ఒక్కతే టీ తాగలేదు. అక్కను తెచ్చే రోజు దగ్గరపడింది, ట్యాంకు వీధి మొదట్లోనే ఉంది, ఆ అక్షరాలు మనిషంత ఎత్తున ఉన్నాయి.

పైపు ఎప్పుడేస్తారో కనుక్కుందామని వీధి తరఫున పోయాం. ముందు చాచా, వెనక నేను, మా వెనక అమ్మ. ఏఈ గారు మమ్మల్ని చూసి కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు.

"పైపు మీకు రాదప్పా. వేరే నీళ్లు లేని వార్డులకే ఫస్టు. మీకు ఉండాయి కదా."

"యాడుండాయి సార్?" అన్నాడు చాచా.

"మీరే చెప్పినారు. ఇంటింటికీ ఫిల్టర్ నీళ్లు. నూటికి నూరు. ఇట్లాంటి వార్డు మొత్తం మునిసిపాలిటీలో ఇంగోటి లేదు. పైన మీటింగులో మెచ్చుకున్నారు గూడ."

నాకు విషయం అర్థమవుతూ వచ్చింది. వేరే నీళ్లు ఉన్నాయి కాబట్టి రెండో గడి మాకు పోయింది. మొదటి గడి ప్రకారం మా నీళ్లు పనికిరావు. పనికిరావు కాబట్టి తాగకూడదు. తాగకూడదంటే వేరేవి ఇవ్వాలి, కానీ వేరేవి ఉన్నాయి కాబట్టి ఇవ్వక్కర్లేదు. నేను చదివిన రాజ్యాంగంలో కూడా ఇంత గట్టి అల్లిక చూడలేదు.

చాచా గొంతు తగ్గించాడు. "సార్, ఆ క్యాన్ మేం తాగేదానికి కాదు సార్. వచ్చినోళ్లకు."

"వచ్చినోళ్లు తాగితే నీళ్లు ఉన్నట్టే కదప్పా."

"ఎవరూ రారు సార్ మా ఇండ్లకు."

ఏఈ గారికి నవ్వొచ్చింది, పెదాలు మూసుకున్నాడు. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. అమ్మ ఆఫీసులో మాట్లాడడం అదే మొదలు.

"సారూ, మేం తాగేది ఆ బోరు నీళ్లే. ఆ పొద్దు ఇంట్లో వియ్యపురాలు ఉండె, అందుకని అట్ల చెప్తి. ఆ రాసింది చెరిపేయండి. ముందర ఎట్ల తాగనిచ్చినారో అట్లనే తాగనీయండి. పైపు వద్దు మాకు, ఏమీ వద్దు."

నేను గోడ వైపు చూశాను. ఫ్లోరైడు ఉన్న నీళ్లు తాగడానికి అనుమతి ఇవ్వమని బతిమాలే మనుషులను నేనెప్పుడూ చూడలేదు, వాళ్లలో ఒకరు మా అమ్మ. జోకు వేద్దామని చూశాను. నోట్లోకి ఏమీ రాలేదు.

"నా చేతుల్లో ఉంటే ఇప్పుడే చెరిపిస్తానమ్మా" అన్నాడు ఏఈ గారు. "సర్వే సైట్లో లాక్ అయిపాయ. మళ్లా సర్వే వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అంతవరకు ఏమీ చేయలేను." ఆయన నిజంగానే చేయలేడు. ఆ మాట అంటూ మంచినీళ్ల బాటిల్ మూత తీసి అమ్మకు ఇచ్చాడు. అమ్మ తాగలేదు.

బయటికొచ్చాక చాచా అన్నాడు, "మర్యాద శానా పరేషాన్ చేసింది మనల్ని." అమ్మ ఆయన మీద విరుచుకుపడింది. "నేనంటే వియ్యపురాలు ఉంటే అంటిని. నీకేమి, నీ మిషను ముందర ఎవురు కూర్చోనుండారు?" ఇంటిదాకా చాచా నాలుగడుగులు ముందే నడిచాడు.

మంచిరోజు వచ్చింది. బావ అక్కను కారులో తీసుకొచ్చాడు. అమ్మ ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను వీధి మొదటికి ఎదురు పోయాను. నా ఆలోచన ఏమిటంటే కారుకు, ట్యాంకుకు మధ్య నిలబడి మాటల్లో పెడదామని. నేను సన్నగా ఉంటాను, ట్యాంకు పెద్దది.

బావ కారు ఆపి, అద్దం దించి, పైకి చూసి నెమ్మదిగా చదివాడు. తర్వాత నావైపు చూశాడు.

"ఇదేంది రా అబ్బీ?"

"వాడుకకు మాత్రమే బావా. మనం క్యాన్..."

"ఊరంతా క్యానేనా? వంటకు?"

అక్క కారులోంచి దిగింది, నడుం పట్టుకుని. ఆ అక్షరాల వైపు, నావైపు చూసింది. నేరుగా ఇంటికి నడిచింది. అమ్మ దిష్టి తీయడానికి పళ్లెం తిప్పుతుంటే ఎర్రనీళ్లు కొన్ని అక్క చీర మీద పడ్డాయి. అక్క లోపలికి పోయి, ముందుగదిలో క్యాన్ దాటుకుని, పెరట్లోకి వెళ్లి, కుండలోంచి చెంబు ముంచుకుని గడగడా తాగేసింది. బోరు నీళ్లు. మూతి తుడుచుకుని, "కడప నీళ్లకు రుచే లేదమ్మా, ఎంత తాగినా దాహం తీరదు" అంది.

బావ గుమ్మంలోంచి చూస్తున్నాడు.

ఆయన గొడవ చేయలేదు. భోంచేశాడు, నాయన పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడాడు. లేచేటప్పుడు మాత్రం అన్నాడు, "అత్తా, మీరేమనుకోవద్దు. ఈ పొద్దే ఎనక్కి పోతాం. మీరు గూడ రాండి, మీ బిడ్డ దగ్గరే ఉండి మీరే చూసుకోండి. మా ఇల్లు మీది కాదా."

ఇంతకంటే మర్యాదగా ఎవరూ మాట్లాడలేరు. అక్క ఏడ్చింది, ఉంటానంది, బావ నేల చూశాడు. నాయన ఎవరి ముఖమూ చూడకుండా గోడ వైపే కూర్చున్నాడు. మెడ తిరగకపోవడం కొన్నిసార్లు సౌకర్యం.

వెనక గదిలో దాచిన మెత్తటి గుడ్డలు మూట కట్టుకుని అమ్మ కారెక్కింది. బిడ్డ కాన్పుకు తల్లి వియ్యాలవారింటికి పోవడం మా వీధిలో అదే మొదలు. అందరూ వాకిళ్లలో నిలబడి చూశారు, అంతే.

పాప కడపలో పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అమ్మ అక్కడే ఉండి పథ్యాలు వండింది, వేరేవాళ్ల వంటింట్లో, వేరేవాళ్ల గిన్నెల్లో, ఏ డబ్బాలో ఏముందో ప్రతిసారీ అడుగుతూ. ఫోనులో బాగుండాది అనేది. ఎవరు బాగుండేదో చెప్పేది కాదు. నేనూ నాయనా ఇక్కడ వండుకున్నాం. దాని గురించి రాయకపోవడమే మంచిది.

మధ్యలో మళ్లీ సర్వే వచ్చింది. ఈసారి నేను ముందురోజే ఇంటింటికీ తిరిగి, ఉన్నది చెప్పండి, మర్యాదకు పోవద్దండి అని చెప్పుకొచ్చాను. ఎన్నికల ప్రచారానికి పనికొస్తానని అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయే వచ్చింది. మా వీధి అంతా తలుపు దగ్గర నిలబడి, తల దించుకుని, బోరు నీళ్లేనమ్మా అని చెప్పింది. చాచా మిషను ఆపి మరీ చెప్పాడు. చెప్పిన వెంటనే అలవాటు కొద్దీ ఆ అమ్మాయికి క్యాన్ నీళ్లు ఇవ్వబోయి, నేను చూస్తే ఆగిపోయాడు. పాపం ఎండలో వచ్చింది, గొంతు తడుపుకోకుండానే పోయింది.

సడలింపు తిరిగొచ్చింది. మా బోరు మళ్లీ రెండో గడిలో కూర్చుంది. నీళ్లు మారలేదు, బోరు మారలేదు, ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని వచ్చి ఎర్ర అక్షరాల మీద సున్నం కొట్టిపోయారు. ఎండలో చూస్తే కింద అక్షరాలు ఇంకా లేతగా కనపడతాయి.

నేను ఆ రోజే కడపకు ఫోను చేశాను. పాపకు మూడో నెల. అమ్మకు తల్లీబిడ్డను వెంటబెట్టుకుని రావాలని ఉంది, వీధిలో ఒకసారి ఎత్తుకుని తిరిగితే చాలంది. అక్క అత్తగారు ఫోను తీసుకుంది.

"అత్తా, చెరిపేసినారు. మా నీళ్లు తాగొచ్చని రాసినారు."

"శానా సంతోషమప్పా. ఏ లెక్కన తాగొచ్చంట?"

నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. సైన్సు టీచరుతో అది ఎక్కువసేపు నిలవదు. "వేరే నీళ్లు లేనివాళ్లు తాగొచ్చంట."

ఆమె చాలా మెత్తగా అంది. "మా పాపకు వేరే నీళ్లు ఉండాయి గదా నాయనా."

ఆమె చెప్పింది నిజం. రూలు ప్రకారం కూడా నిజం. నేను ఆ గోడ కాగితాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అందులో ఆమె మాటకు ఎదురు చెప్పే గడి దొరకలేదు. సరే అత్తా అన్నాను. వెనకాల పాప ఏడుపు వినపడింది, బాగా గట్టి గొంతు.

అమ్మ ఒక్కతే బస్సు దిగింది. సంచిలో అక్క పంపిన పాత చీర, ఫోనులో పాప ఫోటోలు. నాయన ఫోటోలు చూడడానికి ఫోను కళ్ల ఎత్తున పట్టుకోవాల్సి వచ్చింది, అమ్మ పట్టుకుంది. పాప ఒక ఫోటోలో నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇంకా పళ్లు రాలేదు. చాలాసేపు ఆ ఒక్క ఫోటోనే చూశారు.

తర్వాత అమ్మ లేచి బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయి తిప్పింది. రాలేదు. బోరు నీళ్లు వాడుకకే అన్నప్పుడు మునిసిపాలిటీ వాళ్లు నీళ్లు వదిలే టైము తగ్గించారు, దాన్ని మళ్లీ పాతదానికి మార్చలేదు. ఇప్పుడు రోజు మార్చి రోజు, పొద్దున ఆరింటికి వదులుతారు.